బోర్లించిన అరచేయి: విట్టోరియో డి సికా గురించి

ఇంగ్లండులో నేను పనిచేసే వృద్ధుల వార్డుల్లో ‘బెడ్ బ్లాకర్’ అనే మాటొకటి ఉంది. జబ్బు నయమైనా మంచం ఖాళీ చెయ్యని రోగి అని దాని అర్థం. కేసు షీటులో ఆ మాట ఎవరూ రాయరు. పైకి అనడం తప్పు కూడా. కానీ పన్నెండు గంటల డ్యూటీ చివర, కింద ఎమర్జెన్సీలో రోగులు ట్రాలీల మీద బారులు తీరి ఉన్నప్పుడు, నోట రాకపోయినా ఆ మాట మనసులో మెదులుతుంది.

కొన్ని శీతాకాలాల క్రితం అటువంటి పెద్దాయన ఒకరు నా వార్డులో ఉండేవారు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తగ్గిపోయింది. ఇక ఇంటికి వెళ్ళవచ్చని చెప్పిన ప్రతి ఉదయమూ ఆయనకొక కొత్త నొప్పి పుట్టుకొచ్చేది. ఒకరోజు ఛాతీలో, మర్నాడు కడుపులో, ఆ మర్నాడు కళ్ళు తిరగడం. పరీక్షలన్నీ చేయించాను. ఎందులోనూ ఏమీ లేదు. చివరికి కొంచెం విసుగ్గానే, మీకు మేము చెయ్యవలసిన వైద్యం ఇంకేమీ లేదని చెప్పేశాను. ఆయన బదులు చెప్పలేదు. దుప్పటి అంచు సరిచేసుకుని కిటికీ వైపు తిరిగారు. ఆ సాయంత్రం ఒక నర్సు చెప్పింది: ఖర్చుకి భయపడి ఆయన ఇంట్లో హీటింగ్ వేసుకోవడం మానేసి నెల దాటిందట. ఆ సంగతి డాక్టరుకి మాత్రం చెప్పవద్దని ఆమెని బతిమాలుకున్నారట.

ఆ వారాంతంలో ‘ఉంబెర్తో డి’ మళ్ళీ చూశాను. వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూసిన సినిమా అది. అప్పుడు నాకు గుర్తుండిపోయింది ఆ ముసలాయన కుక్క ఒక్కటే. ఇప్పుడు, సినిమా మొదలైన కొంతసేపటికి వచ్చే ఒక చిన్న ఘట్టం దగ్గర ఆగిపోయాను. అద్దె బాకీ పడిన ఉంబెర్తో గొంతునొప్పీ జ్వరమూ సాకుగా చూపి ఆసుపత్రిలో చేరతాడు. నాలుగు రోజులు అక్కడ గడిస్తే నాలుగు రోజుల తిండి ఖర్చు కలిసొస్తుంది. వైద్యుడు వచ్చి చూసి, ఫరవాలేదు వెళ్ళవచ్చు అంటాడు. పక్క మంచంలో ఉన్న మరో పాతకాపు ఒక కిటుకు చెబుతాడు: వార్డు చూసుకునే సన్యాసినిని జపమాల అడుగు, ఇంకొన్నాళ్ళు ఉంచేస్తారు. ఉంబెర్తో అడుగుతాడు. అది ఫలిస్తుంది కూడా. ఆ ఘట్టంలో వైద్యుడు తెర మీద ఉండేది కొద్ది క్షణాలే. చెడ్డవాడేమీ కాదు, తన పని తాను సరిగ్గానే చేశాడు. ఆ వైద్యుణ్ణి నేనే.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. విట్టోరియో డి సికా గురించి సినిమా చరిత్రలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: యుద్ధానంతర ఇటలీ పేదరికాన్ని వీధుల్లోకి వెళ్ళి చిత్రించిన నవ్యవాస్తవికతా దర్శకుడు, ఆ తరవాత డబ్బు కోసం దారి తప్పినవాడు. నాకు ఈ రెండు మాటలతోనూ పేచీ ఉంది. డి సికా సినిమాల్లో పేదరికం ఉన్నమాట నిజమే. కానీ ఆయన కెమెరా వదలకుండా వెంటాడింది పరువుని. మన భాషలో ఉన్నంత బరువుతో ఈ మాటకి ఇంగ్లీషులో సాటి మాట నాకింకా దొరకలేదు. నలుగురిలో తలెత్తుకు తిరగడం, గుట్టుగా బతకడం, ఆకలిగా ఉన్నా భోజనం అయిందనడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. డబ్బు పోయిన మనిషి దగ్గర చివరిదాకా మిగిలేది అదొక్కటే. అది కూడా చేజారే క్షణం ఎలా ఉంటుందో డి సికా అంత దగ్గరగా చూపిన దర్శకుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయన 1901 జులై 7న రోముకీ నేపుల్స్‌కీ మధ్యనున్న సోరా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. బాల్యంలో కొంతకాలం నేపుల్స్‌లో గడిచింది. తండ్రి పేరు ఉంబెర్తో. అంతంతమాత్రం జీతం మీద, అయినా మర్యాదస్థుల్లా బతకవలసిన గుమాస్తా కుటుంబం వాళ్ళది. మధ్యతరగతి అంచున నిలబడ్డ ఇలాంటి ఇళ్ళు మనకి కొత్త కాదు. ఇస్త్రీ చొక్కా ఒకటే ఉంటుంది, అది రోజూ తెల్లగా ఉండాలి. విట్టోరియో 1923లో తాత్యానా పావ్లోవా నాటక సమాజంలో చేరాడు. 1932లో మారియో కమెరీనీ తీసిన ఒక చిత్రంలో పాట పాడి, నవ్వి, అమ్మాయిల మనసు దోచి, దేశమంతటికీ ప్రియమైన శృంగార నాయకుడైపోయాడు. ముస్సోలినీ కాలపు తేలికపాటి హాస్యచిత్రాల్లో చక్కగా కుట్టిన కోటు వేసుకుని కనిపించే అందగాడు, పదిహేనేళ్ళ తరవాత చిరిగిన కోటు మనిషిని తెర మీదకి తెస్తాడని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

1940లో దర్శకత్వం మొదలుపెట్టాడు. మొదటి చిత్రాలు ఆ తేలిక బాణీలోనివే. 1943 నాటి ‘పిల్లలు మనల్ని చూస్తున్నారు’ దగ్గర దారి మలుపు తిరిగింది. రచయిత చెజారే జవత్తీనితో ఆయన స్నేహం పండింది అక్కడే. భార్య మరొకరితో వెళ్ళిపోతే ఆ అవమానం తట్టుకోలేని భర్త కథ అది. అయితే ఆ అవమానాన్ని మనకి చూపేది వాళ్ళ చిన్న కొడుకు కళ్ళు. ఆ సినిమా పేరునే డి సికా ఆ తరవాతి సినిమాలన్నిటికీ ఉపశీర్షికగా పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళ పరువు పోతున్నప్పుడు ఎవరో ఒక పిల్లవాడు, లేకపోతే ఒక పనిపిల్ల, అదీ కాకపోతే ఒక కుక్క, పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. చూసేవాళ్ళు లేకపోతే పరువుకి అర్థమే లేదు.

మరుసటి సంవత్సరం రోము జర్మన్ల ఆక్రమణలో ఉంది. ఉత్తరాన ముస్సోలినీ కొత్త ప్రభుత్వం వెనిస్‌లో సినిమా పరిశ్రమని నిలబెట్టాలని చూస్తూ ఆయన్ని రమ్మంది. వాటికన్ మద్దతుతో ఒక భక్తి చిత్రం తీస్తున్నానని చెప్పి ఆయన కదలలేదు. చిత్రీకరణ ఎక్కువ భాగం సెయింట్ పాల్ బసిలికాలో సాగింది. తలదాచుకోవలసినవాళ్ళు అనేకమంది నటులమనీ పనివాళ్ళమనీ అందులో చేరిపోయారు. విముక్తి సైన్యాలు వచ్చేదాకా సినిమా పూర్తి కాకుండా సాగదీశాడంటారు. నటన మనిషి ప్రాణం నిలబెట్టగలదని ఆయనకి అనుభవంలో తెలిసింది అక్కడే అనుకుంటాను.

1946 నాటి ‘షూషైన్’లో బూటు పాలిష్ చేసుకునే ఇద్దరు కుర్రాళ్ళు, పస్క్వాలే, జుసెప్పె, కూడబెట్టిన డబ్బుతో ఒక తెల్లగుర్రాన్ని కొనుక్కుంటారు. పెద్దవాళ్ళ దొంగ వ్యాపారంలో చిక్కుకుని బాలనేరస్థుల జైలు పాలవుతారు. నేరం ఎవరు చేయించారో రాబట్టడానికి అధికారులు పక్క గదిలో జుసెప్పెని కొడుతున్నట్టు నటిస్తారు. నిజానికి అక్కడ దెబ్బలు తింటున్నది ఎవరూ కాదు, అరుపులు ఉత్తుత్తివి. స్నేహితుణ్ణి కాపాడాలని పస్క్వాలే నోరు విప్పుతాడు. జుసెప్పె దృష్టిలో మాత్రం అది ద్రోహం. ఆకలి విడదీయలేని ఇద్దరిని మాట తప్పాడన్న అపోహ విడదీసింది. ఇటలీలో ఆ సినిమా ఆడలేదు. అమెరికాలో ఆస్కార్ సంస్థ దానికి ప్రత్యేక పురస్కారం ఇచ్చింది.

ఆ తరవాతిది 1948 నాటి ‘బైసికిల్ థీవ్స్’. పుస్తకాలు చదివేవాళ్ళం కనక ఒక విషయం చెప్పుకోవాలి. దీనికి మూలం లుయీజీ బర్తొలీనీ 1946లో ప్రచురించిన నవల. అందులో సైకిలు పోగొట్టుకునేది ఒక కళాకారుడు. ఆయనకి ఇంకో సైకిలుంది. ఆయన వెతుకులాటలో కోపం ఉంది, వ్యంగ్యం ఉంది, రోము సంతల మీదా దొంగల మీదా పదునైన పరిశీలన ఉంది. పీకల మీదకి వచ్చిన అవసరం మాత్రం లేదు. జవత్తీని, డి సికా ఆ నవలలోంచి పేరునీ వెతుకులాటనీ ఉంచుకుని మిగతాదంతా మార్చేశారు. సినిమా చూసి బర్తొలీనీ మండిపడ్డాడు. ఆయన కోపం న్యాయమైనదే. కానీ నవలలో పోయింది ఒక వస్తువు. సినిమాలో పోయింది ఒక తండ్రి తలెత్తుకు నిలబడే హక్కు.

కథ మనలో చాలామందికి తెలుసు. ఆంటోనియో రిచ్చికి గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది, సైకిలు ఉంటేనే. సైకిలు తాకట్టులో ఉంది. భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగి మూటగట్టి, వాటిని తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. తాకట్టు దుకాణంలో గుమాస్తా ఆ మూటని పట్టుకుని బీరువాల మీదికి ఎక్కుతూ పోతాడు. కప్పుదాకా పేర్చిన వందలాది మూటలు కనిపిస్తాయి. అంటే ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ దుప్పట్లు లేని మంచాలు. ఈ విషయం మాటల్లో ఎవరూ చెప్పరు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, రీటా హేవర్త్ పోస్టరు అంటిస్తూండగా సైకిలు పోతుంది.

ఇక ఆదివారమంతా తండ్రీ కొడుకుల వెతుకులాట. ఈ భాగాన్ని నిరుద్యోగం మీద నివేదికగా చదివే విమర్శకులున్నారు. నాకు అది ఒక కొడుకు దృష్టిలో తండ్రి అంగుళం అంగుళం కిందికి దిగడంగా కనిపిస్తుంది. సోది చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళిందని భార్యని మందలించిన మనిషే తరవాత కొడుకుని వెంటబెట్టుకుని అదే గుమ్మం ఎక్కుతాడు. పట్టలేని కోపంలో బ్రూనోని చెంపమీద కొడతాడు. ఆ తప్పు దిద్దుకోవడానికి చేతిలో ఉన్న కాస్త డబ్బుతో హోటలుకి తీసుకెళతాడు. పక్క బల్ల దగ్గర కలవారి పిల్లవాడు కత్తీ ఫోర్కుతో తీరిగ్గా తింటూ ఉంటాడు. బ్రూనో వాణ్ణి చూస్తూ జున్ను తినడానికి తంటాలు పడతాడు. అప్పుడు ఆంటోనియో కాగితం తీసి, ఈ ఉద్యోగం నిలిచి ఉంటే నెలకి ఎంత వచ్చేదో కొడుకుచేత లెక్క కట్టిస్తాడు. పోయిన ఉద్యోగం లెక్కలు కొడుకు చేత్తో రాయించే తండ్రి ముఖం చూడండి.

చివర ఫుట్‌బాల్ స్టేడియం బయట వందలాది సైకిళ్ళు. ఆంటోనియో కొడుకుని ట్రాము ఎక్కి వెళ్ళిపొమ్మని పంపి, ఒంటరిగా ఉన్న సైకిలు ఒకటి లాక్కుని పారిపోబోతాడు. దొరికిపోతాడు. జనం చుట్టుముట్టి కొడతారు. టోపీ కింద పడుతుంది. ట్రాము అందుకోలేకపోయిన బ్రూనో అదంతా చూస్తాడు. ఆ టోపీ తీసి దుమ్ము దులుపుతాడు. సైకిలు యజమాని ఆ పిల్లవాడి ముఖం చూసి కేసు వద్దంటాడు. క్షమించారు కదా, కథ సుఖాంతమే అనుకోవచ్చు. కానీ ఆ క్షమే ఆంటోనియోకి పడిన పెద్ద దెబ్బ. తన కొడుకుని చూసి జాలిపడి వదిలేశారు. ఆ పిల్లవాడు ఏమీ అనకుండా తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. ఇద్దరూ జనంలో కలిసిపోతారు. ఇటాలియన్ పేరు ‘దొంగలు’ అని బహువచనంలో ఉండటానికి కారణం ఈ ముగింపే. అమెరికాలో విడుదలచేసినవాళ్ళు దాన్ని ఏకవచనం చేసి, సినిమా సగం అర్థాన్ని పోగొట్టారు.

హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ ఆ పాత్ర కేరీ గ్రాంట్‌కి ఇస్తే డబ్బు పెడతానన్నాడని చెబుతారు. డి సికా ఒప్పుకోక, లంబెర్తో మజొరానీ అనే ఫ్యాక్టరీ కార్మికుణ్ణి తెచ్చుకున్నాడు. చిత్రీకరణ అయ్యాక మజొరానీ తిరిగి ఫ్యాక్టరీకి వెళితే, కొన్నాళ్ళకి అక్కడ కార్మికుల తగ్గింపులో ఆయన ఉద్యోగం పోయింది. నిరుద్యోగి కథ ప్రపంచమంతా చప్పట్లు కొట్టించుకుంటూంటే అందులో నటించినవాడు నిజంగా నిరుద్యోగి అయ్యాడు. డి సికాని ఎంత మెచ్చుకున్నా ఈ సంగతి పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఆ సినిమా మన దేశం మీద చూపిన ప్రభావం అందరికీ తెలిసినదే. 1950లో లండన్‌లో దాన్ని చూసిన సత్యజిత్ రాయ్ తన సినిమా ఎలా తియ్యాలో అక్కడే నిశ్చయించుకున్నాడు. 1952లో మన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో అది ప్రదర్శితమైంది. ఆ ఉత్సవం బొంబాయిలో మొదలై, అప్పటి తెలుగు సినిమాకి కేంద్రమైన మద్రాసుకీ వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’లో ఆ తండ్రీ కొడుకుల నీడ స్పష్టంగా ఉంది.

మళ్ళీ ‘ఉంబెర్తో డి’ దగ్గరికి వస్తాను. 1952లో వచ్చిన ఈ సినిమాని డి సికా తన తండ్రికి అంకితమిచ్చాడు. కథానాయకుడి పేరు కూడా తండ్రి పేరే. ఆ పాత్ర వేసిన కార్లో బత్తీస్తి నటుడు కాదు. ఫ్లారెన్స్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన ఆచార్యుడు, ఇటాలియన్ వ్యుత్పత్తి నిఘంటువుని కూర్చినవారిలో ఒకడు. అప్పటికి డెబ్భై ఏళ్ళు.

ముప్ఫై ఏళ్ళు సర్కారు కొలువు చేసి రిటైరయిన ఉంబెర్తోకి పింఛను చాలదు. సినిమా మొదలవడమే పింఛనుదారుల ఊరేగింపుతో. అనుమతి లేదని పోలీసులు జీపులతో చెదరగొడతారు. చెదిరిపోతున్న ఆ ముసలివాళ్ళందరూ కోటూ టోపీ వేసుకున్న మర్యాదస్థులు. ఇంటావిడ అద్దె పెంచి, ఆయన లేనప్పుడు ఆ గదిని గంటల లెక్కన జంటలకి ఇస్తుంది. ఆయన గడియారం అమ్ముతాడు, పుస్తకాలు అమ్ముతాడు. ఆయన మీద దయ చూపే పనిపిల్ల మరియా గర్భవతి. బిడ్డ ఏ సైనికుడిదో ఆ పిల్లకే తెలియదు. ఆ అమ్మాయి తెల్లవారుజామున లేచి, వంటింట్లో చీమల్ని కడిగి, కాఫీ గింజలు మరపట్టి, కూర్చున్నచోటినుంచే కాలు చాపి బొటనవేలితో తలుపు ముయ్యడం మీద ఆంద్రె బజాఁ వంటి విమర్శకుడు ఎంతో రాశాడు. పెద్ద సంఘటన ఏమీ జరగని ఆ కొన్ని నిమిషాలు సినిమా కళలో మైలురాయి అయ్యాయి.

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా లోతుగా గుచ్చుకున్నది పాంథియన్ దగ్గర జరిగేది. గత్యంతరం లేక ఉంబెర్తో అడుక్కోవడానికి నిశ్చయించుకుంటాడు. గోడ వారన నిలబడి, ఎవరూ చూడనప్పుడు చెయ్యి చాపడం సాధన చేస్తాడు. ఒకతను జేబులోంచి డబ్బు తీసి ఇవ్వబోయే సరిగ్గా ఆ క్షణంలో, ఉంబెర్తో అరచెయ్యిని బోర్లిస్తాడు, వాన పడుతోందేమో చూస్తున్నట్టు. అతను తికమకపడి వెళ్ళిపోతాడు. తరవాత కుక్క ఫ్లైక్ నోటికి టోపీ ఇచ్చి వెనక్కాళ్ళ మీద నిలబెట్టి, తాను స్తంభం చాటున దాక్కుంటాడు. అంతలో పూర్వపరిచయం ఉన్న పెద్దమనిషి ఒకాయన అటుగా వచ్చి కుక్కని గుర్తుపడతాడు. ఉంబెర్తో చాటునుంచి బయటికొచ్చి, ఏదో ఆట ఆడిస్తున్నానని నవ్వేస్తాడు.

ఆ బోర్లించిన అరచెయ్యి నాకు బాగా తెలుసు. మా నాన్నగారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. నేను ఇక్కడినుంచి ప్రతి ఆదివారమూ ఫోను చేసి, ‘ఏమన్నా కావాలా నాన్నా?’ అని అడిగేవాణ్ణి. ‘ఏమీ వద్దురా, అంతా బాగానే ఉంది’ అనేవారు. ఒకసారి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఇంటికి పేపరు రావడం లేదని గమనించి అడిగితే, కళ్ళు సరిగా ఆనడం లేదు, అందుకే మాన్పించానన్నారు. అద్దాలు మార్పిద్దామన్నాను, మాట మార్చేశారు. సాయంత్రం గ్రంథాలయంలో ఆయన ఆ పేపరే చదువుకుంటూ కనబడ్డారు. నన్ను చూసి మడిచి పక్కన పెట్టారు. ఇద్దరం వాన గురించి మాట్లాడుకుంటూ ఇంటికి వచ్చాం. కొడుకు డాక్టరే, పంపడానికి సిద్ధంగానే ఉన్నాడు. కానీ అడగడానికి చెయ్యి చాపవలసింది ఆయన.

ఈ సినిమా మీద అప్పట్లో సినిమా వ్యవహారాలు చూస్తున్న ఉపమంత్రి జూలియో అంద్రెయోత్తి బహిరంగంగా విరుచుకుపడ్డాడు. దేశాన్ని లోకం ముందు చిన్నబుచ్చుతోందని ఆయన ఫిర్యాదు. మన సామెతలో చెప్పాలంటే, ఇంటి గుట్టు లంకకు చేటు. ఆయన వాదన కూడా పరువు గురించే కావడం గమనించండి. దేశపు పరువు నిలవాలంటే ముసలివాళ్ళ ఆకలి కనబడకూడదు. ముసలివాళ్ళు కూడా తమ ఆకలిని దాచుకోవాలనే చూస్తున్నారు. తేడా ఒక్కటే: తాను దాచుకుంటే అది అభిమానం, ఎదుటివాడిది మనం దాచేస్తే అది అన్యాయం. సినిమా డబ్బు రాబట్టలేదు. డి సికా నవ్యవాస్తవికత దాదాపు అక్కడితో ముగిసిందని అంటారు.

ఇక్కడే నా రెండో పేచీ. డి సికా జూదరి. క్యాసినోల్లో పెద్ద మొత్తాలు పోగొట్టుకున్నాడు, ఆ సంగతి తానే దాచలేదు. ఆ అప్పులు తీర్చడానికీ, ఎవరూ డబ్బు పెట్టని సొంత సినిమాలు తియ్యడానికీ దొరికిన ప్రతి వేషమూ వేశాడు. నూట యాభైకి పైగా సినిమాల్లో నటించాడు. వాటిలో చాలావాటిని తానే మళ్ళీ చూడాలనుకోడు. రెండు సంసారాలు కూడా ఉన్నాయి. మొదటి భార్య జుదిత్తా రిస్సోనే, కూతురు ఒక ఇంట్లో. స్పానిష్ నటి మరియా మెర్కాదెర్, ఇద్దరు కొడుకులు మరో ఇంట్లో. పండగ రాత్రి రెండిళ్ళలోనూ పన్నెండు గంటల వేళ గ్లాసు ఎత్తడానికి ఒక ఇంట్లో గడియారాన్ని వెనక్కి తిప్పేవాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. విడాకులు అప్పటి ఇటలీలో కుదరవు కనక ఫ్రెంచి పౌరసత్వం తీసుకుని 1968లో మెర్కాదెర్‌ని పెళ్ళాడాడు.

ఇటువంటి మనిషి ‘ఉంబెర్తో డి’ తియ్యడం వింత అనేవారున్నారు. నాకు అందులో వింత కనబడదు. అప్పిచ్చినవాడికి ఎదురుపడకుండా వీధి మారడం, చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా వెయిటరుకి దొరలా తల ఊపడం, ఇంట్లో ఒక ముఖమూ బయట ఒక ముఖమూ పెట్టుకోవడం, ఇవి ఆయనకి పుస్తకాల్లో చదవనక్కర్లేదు. నటుడికీ అప్పులవాడికీ ఒకే విద్య కావాలి: లోపల ఏమున్నా పైకి సరిగ్గా కనబడటం. ఆంటోనియో, ఉంబెర్తో ఆ విద్యలో ఓడిపోయిన మనుషులు. వాళ్ళని అంత దయగా చూడగలిగింది ఆ విద్యలో ఆరితేరినవాడు కాబట్టే.

దీనికి సాక్ష్యం ఆయన స్వయంగా వేసిన రెండు పాత్రలు. 1954లో తీసిన ‘నేపుల్స్ బంగారం’లో కౌంట్ ప్రాస్పెరోగా కనిపిస్తాడు. జూదం పిచ్చి ముదిరి, భార్య డబ్బు చేతికివ్వకపోతే, ఆ జమీందారు తమ భవనం కాపలాదారు కొడుకైన ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి బతిమాలి కూర్చోబెట్టి పేకాడతాడు. ప్రతి ఆటా ఓడిపోతాడు. పిల్లవాడికి ఆట మీద ధ్యాస లేదు, వీధిలోకి పారిపోవాలని ఉంది. పెద్దమనిషి మాత్రం ఆటలో మోసం జరిగిందన్నట్టు చిందులు తొక్కుతాడు. నవ్వు ఆపుకోలేం. అదే సమయంలో ఆ నవ్వు ఆయన తన మీద తాను వేసుకున్నదని తెలుస్తూనే ఉంటుంది. రెండోది 1959లో రొసెల్లీనీ తీసిన ‘జనరల్ డెల్లా రోవెరె’. అందులో ఆయన, జైల్లో ఉన్నవాళ్ళ బంధువుల దగ్గర డబ్బు గుంజి జూదంలో తగలేసే మోసగాడు. జర్మన్లు అతణ్ణి ఒక ప్రతిఘటన నాయకుడి వేషంలో జైల్లో పెడతారు. తోటి ఖైదీలు తనని గౌరవంగా చూడటం మొదలుపెట్టాక, అతను ఆ గౌరవానికి తగినవాడుగా మారిపోతాడు. నిజం చెప్పేసి బతికే దారి వదిలి, జనరల్‌గానే తుపాకీ గుళ్ళకి ఎదురు నిలబడతాడు. వేసుకున్న పరువు ఒంటికి అతుక్కుపోయి, అదే నిజమైపోయింది. ఇంతకంటే మంచి ఆత్మకథ డి సికా రాసి ఉండేవాడు కాదు, దర్శకుడు వేరొకరైనా సరే.

తరవాతి సినిమాలన్నీ గొప్పవని నేను అనను. అరవైల్లో అంతర్జాతీయ తారలతో తీసినవాటిలో కొన్ని రెండోసారి చూడలేం. కానీ 1960లో మొరావియా నవల ఆధారంగా తీసిన ‘టూ విమెన్’ ఉంది. యుద్ధం చివర సైనికుల చేతిలో బలైన తల్లీ కూతుళ్ళ కథలో, కూతురి మౌనం ముందు నిస్సహాయంగా నిలబడిన తల్లి పాత్ర సోఫియా లోరెన్‌కి ఆస్కార్ తెచ్చింది. పరభాషా చిత్రంలో నటనకి ఆ బహుమతి రావడం అదే మొదలు. 1970లో బస్సానీ నవల మీద తీసిన ‘ఫింజీ కొంతీనీల తోట’ ఉంది. తన నవలని మార్చిన తీరు నచ్చక బస్సానీ చిత్రానువాదం నుంచి తన పేరు తీయించుకున్నాడు. అయినా ఆ సినిమాలో డి సికా పాత చూపు చెక్కుచెదరలేదు. 1938 జాతి చట్టాల తరవాత ఫెరారా నగరంలోని ధనిక యూదు కుటుంబం ఒకటి ఎత్తైన గోడల వెనక టెన్నిస్ ఆడుకుంటూ ఉంటుంది. తమ వంశగౌరవం తమని కాపాడుతుందని వాళ్ళ నమ్మకం. చివరికి అందరితో పాటు వాళ్ళనీ తీసుకొచ్చి, ఒక బడి గదుల్లో నిలబెడతారు. ఆ సినిమాకి బెర్లిన్‌లో స్వర్ణ భల్లూకమూ, అమెరికాలో ఆస్కారూ వచ్చాయి. 1974 నవంబర్ 13న పారిస్ పక్కన నూయీలో ఆయన చనిపోయాడు.

డి సికా మీద వచ్చే మరో ఆరోపణ, కన్నీళ్ళు పిండుతాడని. ఈ మాట అనే మిత్రులు నాకున్నారు. వాళ్ళు అంతోనియోనీ మౌనాన్నీ ఫెలీనీ కలల్నీ ఇష్టపడతారు. నేను చెప్పేది ఇంతే. ఏడిపించాలనుకున్న దర్శకుడు ఉంబెర్తో అరచేతిలో డబ్బు పడనిచ్చేవాడు. డి సికా ఆ చెయ్యిని బోర్లించాడు. చివర కుక్కతో సహా రైలు కింద పడాలని వెళ్ళి, భయపడిన కుక్క విడిపించుకుని పారిపోతే, ఆ ముసలాయన చావు సంగతి మరిచిపోయి, దాని నమ్మకం తిరిగి సంపాదించుకోవడానికి దేవదారు కాయ ఒకటి చూపిస్తూ దాన్ని ఆడించడం మొదలుపెడతాడు. ఇద్దరూ చెట్ల బాట వెంట ఆడుకుంటూ దూరమవుతారు. అద్దె సమస్య తీరలేదు. రాత్రికి ఎక్కడ పడుకుంటాడో తెలియదు. ఓదార్పు ఇచ్చే దర్శకుడు ఇలా వదిలెయ్యడు.

సోమవారం ఉదయం వార్డుకి వెళ్ళాను. ఆ పెద్దాయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. హీటింగ్ గురించి నాకు తెలిసినట్టు చెప్పలేదు. ఛాతీ ఇంకోసారి విని, ‘నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు, ఇంకొన్ని రోజులు చూద్దాం’ అన్నాను. ఈలోగా సోషల్ వర్కరుతో మాట్లాడి, ఆయన దరఖాస్తు చేసుకోవలసిన సహాయం ఆయన అడగకుండానే అందే ఏర్పాటు చూశాం. రికార్డుల లెక్కలో అది అనవసరంగా నిండి ఉన్న మంచం. వెళ్ళేరోజు ఆయన టై కట్టుకున్నారు. నాకు చెయ్యి ఇస్తూ, నా ఛాతీ గురించి మీరే సరిగ్గా గ్రహించారు డాక్టర్, అన్నారు. అవునన్నాను.